నడుమ ఏమీ లేని కథ

ఇటు రండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. ఆ పీట వేసుకోండి, లేదంటే గోడకు ఆనుకుని కాళ్లు చాపుకోండి, తప్పులేదు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. నా మాట ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతుంది. మీరు ఊ కొడుతూ ఉండండి చాలు, దారి నేను వెతుక్కుంటాను.

మొన్న వాన పడుతున్న సాయంత్రం నా బిడ్డ కూతురు బడి నుంచి వచ్చింది. తడిసిన సంచి మంచం మీద పడేసి, "అమ్మమ్మా, నాకో కథ చెప్పు" అంది. నా ప్రాణం లేచొచ్చింది. ఈ కాలపు పిల్ల నోరు తెరిచి కథ అడిగింది కదా అని. తీరా చూస్తే కథ వినడానికి కాదు, కోయడానికట. కోడిని కోసి ఇది కార్జం, ఇది కందనకాయ అని చూపించినట్టు, కథలో పాత్రలు ఏవి, స్థలం ఏది, కాలం ఏది, ఇతివృత్తం ఏమిటి, సంఘర్షణ ఎక్కడుంది, ముగింపు ఏమిటి, చివరికి అది చెప్పే నీతి ఏమిటి, ఇవన్నీ విడదీసి రేపు బడిలో చెప్పాలట.

"సంఘర్షణ అంటే ఏంది బిడ్డా?" అన్నాను.

"ఇద్దరి మధ్య గొడవ అమ్మమ్మా. గొడవ లేకపోతే అది కథే కాదంట."

నాకు తెలిసిన ఒక కథ ఉంది. చిన్నప్పటి నుంచీ నా వెంటే ఉంది. కానీ దాంట్లో గొడవ ఎవరికి, ఎవరికి మధ్య అని ఎవరైనా అడిగితే నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ మాటే మనవరాలితో అంటే, "సరే, మొదలైతే పెట్టు" అంది. అప్పుడు దానికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

అప్పట్లో గోదావరిఖని అంటే ఊరు కాదు, క్వార్టర్ల వరుసలు. లైను అనేవాళ్లం. తెల్లవారేసరికి ప్రతి గడప ముందూ ఒక బొగ్గుల పొయ్యి పొగలు కక్కుతూ ఉండేది. పచ్చి పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాకే దాన్ని లోపలికి తీసుకుపోయేవారు. ఆ పొగ మా జుట్టులో, దుప్పట్లలో, అన్నంలో కూడా ఉండేది. సెలవులకు మా పల్లెకు పోతే అక్కడి అన్నం చప్పగా అనిపించేది నాకు. పొగ వాసన లేని అన్నం ఏం అన్నం అనుకునేదాన్ని. వాన పడిందంటే తడి బొగ్గు, తడి మన్ను కలిసి ఒక వాసన లేచేది. అది ఇప్పుడు ఎక్కడా దొరకదు, నేను వెతికాను.

బొగ్గు గనిని మేము గని అనలేదు. బాయి అనేవాళ్లం. అంటే బావి. మా బాపు, అదే మా నాన్న, ఆ బాయిలో పంపు ఖలాసీ. భూమి లోపల ఎప్పుడూ నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఆ నీళ్లను పైకి తోసే పంపు పక్కన కూర్చుని, అది ఆగకుండా చూసుకోవడమే ఆయన పని. బరువులు మోసే పని కాదు, కానీ లేవడానికి లేని పని. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి ఆ చోట కూర్చుంటేనే ఈయన లేవాలి. ఆ వచ్చే మనిషిని రిలీవర్ అనేవారు.

బాపు ఇంటికి రాగానే ముందు ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు, గొంతులో పట్టిన బొగ్గు ధూళి దిగుతుందని. ఆ బెల్లం డబ్బా గూట్లో ఉండేది. ఒకసారి నేను బెల్లమంతా తినేసి, దాని జాగాలో అదే రంగు చింతపండు ముద్ద చేసి పెట్టాను. బాపు నోట్లో వేసుకున్నాడు. కళ్లు రెండూ మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తర్వాత తాపీగా, "ఇయ్యాల బెల్లం పులిసిందే" అని అంతటితో వదిలేశాడు. అట్లాంటి మనిషి.

ఇంట్లో కథలు చెప్పేది మాత్రం బాపమ్మ, బాపును కన్న తల్లి. చుట్ట వాసన, ఆముదం వాసన కలిస్తే మా బాపమ్మ. ఆమె కథకు రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే ఆమె నోరు కూడా ఆగేది. "గోడకు చెప్పుకుంటనానే నేను?" అని చుట్ట అంటించుకునేది. రెండోది ఆమె ఒక్కదానిదే కాదు, మా లైను ఆడవాళ్లందరిదీ. ఇంటి మనిషి బాయిలో ఉండగా మొదలుపెట్టిన కథను సగంలో ఆపకూడదు. ఆపితే లోపలున్న మనిషి కూడా సగం దారిలోనే ఆగిపోతాడు. ఇది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగినవాళ్లు లేరు. మా వెనక ఇంటి పెద్దమ్మ ఒకరోజు పిల్లలకు కథ చెబుతుంటే పొయ్యి మీద అన్నం పొంగింది. ఆమె లేస్తూ లేస్తూ, "రాజు సచ్చిండు, రాణి సచ్చింది, రాజ్జెం గోదాట్ల కలిసింది, అయిపోయింది!" అని అరుచుకుంటూ పొయ్యి దగ్గరికి ఉరికింది. పిల్లలు ఏడ్చారు. కానీ కథ మాత్రం ముగిసింది.

ఒక యేడు వానలు విడవలేదు. నాకు జ్వరం. నోరంతా చేదు. బాపు మొదటి షిఫ్టుకు పోయాడు. మధ్యాహ్నం దాకా నేను ఏమీ మింగకపోతే, బాపమ్మ జొన్న జావ గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంది.

"ఒక్క బుక్క తాగు బిడ్డా, కథ చెప్త."

"ముందుగాల కథ."

"ఒక బుక్కకు ఒక మాట. ఊ అను మరి. అనగనగ ఒక ఊరు. ఆ ఊళ్లె బాయి ఎండిపోయింది."

"ఊ." ఒక బుక్క.

"నీళ్లు ఏడికి పోయినయో చూసొస్తనని ఒక మనిషి తాడు వట్టుకోని బాయిలకు దిగిండు. ఇంట్ల పెండ్లాం అన్నం వండి పెట్టింది. తొందరగ అస్తనని చెప్పిండు. దిగిండు, దిగిండు, ఇంక దిగిండు. అడుగుకు పోయి చూస్తె ఏమున్నది? ఒక ముసల్ది కూసోని రోకలేసి దంచుతాంది."

"ఏం దంచుతాంది బాపమ్మా?"

"ఒట్టి రోలు దంచుతాంది. ఆమె దంచినప్పుడల్ల పైన ఊళ్లె బాయిల చారెడు నీళ్లు ఊరుతయి. ముసల్దయింది, చెయ్యి ఆడుతలేదు, అందుకే బాయి ఎండింది. 'నాయినా, ఒక్క కునుకు తీస్త, గీ రోకలి వట్టు. నేనొచ్చేదాంక ఆపకు' అన్నది. మంచి మనిషి గద, వట్టిండు. ముసల్ది చీకట్లకు పోయింది. గీయన దంచుతాండు. దంచుతాండు. పైన ఊరంత కుండలు నింపుకుంటాంది. గీయనకు ఆకలైతాంది. ముసల్ది వస్తలేదు..."

"ఊ?"

అప్పుడే తలుపు దబదబ కొట్టారు. గోనెసంచి నెత్తిన కప్పుకుని, నీళ్లు కారుతూ బాపమ్మ అక్క కొడుకు నిలబడి ఉన్నాడు. వాళ్ల ఊరు గోదావరి అవతల, మంచిర్యాల దాటి లోపలికి పోవాలి. "చిన్నమ్మా, మా అవ్వకు బాగలేదు. నీ పేరే తీస్తాంది. రైలుకు టైమైంది, జల్ది నడువు" అన్నాడు. తల్లిని మేము అవ్వ అనేవాళ్లం. బాపమ్మ గిన్నె కింద పెట్టి, చుట్టలు కొంగున ముడేసుకుని లేచింది.

"బాపమ్మా, కథ?"

"వచ్చినంక చెప్త బిడ్డా. జావ తాగు" అని వానలోకి పోయింది. పాపం, అక్క మీద ధ్యాసలో ఆమె తన కట్టుబాటు తానే మరిచిపోయింది.

నేను కూడా మరిచిపోయి పడుకున్నాను. షిఫ్టు సైరన్ కూస్తే మెలకువ వచ్చింది. మా అవ్వ ఎండు రొయ్యలు వేయించి పచ్చిపులుసు చేసింది. తడి గాలిలో ఆ వాసన ఇల్లంతా నిలబడింది. లైనులో మగవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు, బురదలో చెప్పులు చప్పుడు చేస్తూ. ప్రతి చప్పుడుకూ అవ్వ తల తిప్పుతోంది. మా గడప ముందు మాత్రం ఏ చెప్పులూ ఆగలేదు. అన్నం ఆవిరి పోయింది. అవ్వ మూత పెట్టింది. మళ్లీ తీసి చూసింది, మళ్లీ పెట్టింది.

దారిన పోయే ఒకాయనను అడిగితే, "బాయిల నీళ్లు మస్తు పెరిగినయి చెల్లె. అందరు అదే లొల్లిల ఉన్నరు. మీ ఆయనను నేను చూడలె" అని పోయాడు. అవ్వ లోపలికి వచ్చి, "డబల్ డ్యూటీ పడ్డదేమో. పడితె ఎవలతోనన్న కబురు పంపుతడు గద" అంది. నాతోనా, గోడతోనా తెలియలేదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. దుప్పటి తోసేసి లేచి కూర్చున్నాను.

"అవ్వా, కథ సగంల ఆగింది."

"ఏం కథ?"

"బాపమ్మ చెప్పింది. బాయిల మనిషి దిగిండు. ముగియ్యలే. పోయింది."

అవ్వ చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అట్లాగే పట్టుకుని నిలబడింది. ఏమీ కాదులే పిచ్చిదానా అని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా పక్కన కూలబడి, "నువ్వే ముగియ్యి. జల్ది ముగియ్యి బిడ్డా" అంది.

నేను నోరు తెరిచాను. అంతకుముందు రోజూ ఎన్ని కథలు విన్నాను! ఒక్కటి ముగించమంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. కొస దొరకని దారపు ఉండలా, చివర ఎక్కడుందో కనిపించలేదు. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆ ఏడుపు విని ఎదురింటి టీచరమ్మ గొడుగేసుకుని వచ్చింది.

వాళ్లు క్రైస్తవులు. ఆమె కంపెనీ బడిలో పాఠాలు చెప్పేది. ఆదివారం వాళ్ల ఇంట్లోంచి ప్రార్థన పాటలు వినిపిస్తే మేము కూడా గోడ ఇవతల గొంతు కలిపేవాళ్లం. సంగతంతా అవ్వ చెప్పింది. టీచరమ్మకు మా నమ్మకాలు లేవు. అయినా నవ్వలేదు. గడప మీద కూర్చుని నా చేయి తీసుకుని వేళ్లు విప్పింది.

"ఏడవకు. నేను బడిలో పిల్లలకు చెప్పేది నీకూ చెబుతా. కథ అంటే చేతికి ఉన్న వేళ్లే. బొటనవేలు, ఎవరు? చూపుడు వేలు, ఎక్కడ, ఎప్పుడు? నడిమి వేలు, ఆ మనిషికి ఏం కావాలి? ఉంగరం వేలు, దానికి ఏం అడ్డం పడింది? ఇవి దొరికితే చిటికెన వేలు, చివరికి ఏమైంది అన్నది, దానంతటదే లేచి నిలబడుతుంది. చెప్పు, ఎవరు?"

"మనిషి."

"ముసలమ్మ కాదా?"

"ముసల్ది పండుకున్నది గద."

"సరే. ఎక్కడ?"

"బాయిల."

"ఎప్పుడు?"

"ఇప్పుడు."

"ఇప్పుడు కాదమ్మా. అనగనగా అంది కదా మీ బాపమ్మ. అంటే ఎప్పుడో."

"కాదు టీచరమ్మా. ఇప్పుడే. ఇంక దంచుతనే ఉన్నడు."

అవ్వ పొయ్యి వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ ఆ వేలిని వదిలేసి తర్వాతి వేలు పట్టుకుంది.

"ఏం కావాలి ఆయనకు?"

"అన్నం. ఇంటికి రావాలె."

"ఏం అడ్డం పడింది?"

ఇక్కడ నేను ఆగిపోయాను. ముసల్ది చెడ్డదా? కాదు, నిద్ర వచ్చింది, అంతే. ఊరివాళ్లు చెడ్డవాళ్లా? దూపకు నీళ్లు ముంచుకుంటున్నారు. రాక్షసుడు లేడు, సవతి తల్లి లేదు. "ఎవ్వలు అడ్డం లేరు టీచరమ్మా. రోకలి చేతిల ఉన్నది, గంతే" అన్నాను.

ఆమె నా ఉంగరం వేలిని పట్టుకుని ఆలోచనలో పడింది. "అడ్డం పడేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలే" అని గొణిగింది. "పోనీ, దేవుడు ఒక దూతను పంపాడు అనుకుందాం. దూత వచ్చి రోకలి అందుకున్నాడు."

"దూతకు రెక్కలుంటయి గద. రోట్లె తాకవా?"

ఆ కంగారులో కూడా ఆమెకు నవ్వొచ్చింది. అవ్వకు రాలేదు. గరిటె నేలకేసి కొట్టి ఇటు తిరిగింది.

"నాకు గవన్ని ఎరుకలేవు టీచరమ్మా. ఆయన పొద్దుగాల బాయికి పోయిండు. మాపటీలి ఇంటికొచ్చి అన్నం తిన్నడు. అయిపోయింది. గదే కథ. ఊ అనవే!"

నేను ఊ అన్నాను. వాకిట్లో ఎవరూ రాలేదు.

టీచరమ్మ మెల్లగా, "అది కథ కాదు వదినా. నడుమ ఏమీ లేదు" అంది.

"నాకు నడుమ ఏం వద్దు" అంది అవ్వ. "నడుమ ఏం లేని కథే కావాలె నాకు."

 చూరు నుంచి నీళ్లు ధార కడుతూనే ఉన్నాయి.

అప్పుడు వచ్చాడు పక్కింటి కాక. బాపుకు సొంత తమ్ముడేమీ కాదు, లైను వరస. అదే బాయి, అదే షిఫ్టు. తడిసి ముద్దయి ఉన్నాడు, మనిషి కంటే ముందు కల్లు వాసన ఇంట్లోకి వచ్చింది. "వదినె, వాగు చూసొచ్చిన! అబ్బబ్బ, ఏం వాగు! గడ్డివాములకు గడ్డివాములు కొట్టుకపోతున్నయి!"

"మీ అన్న ఏడి?" అంది అవ్వ.

"అన్న ఇంక రాలేదా? వస్తడు తియ్యి." తల గోక్కున్నాడు. అక్కడ ఏదో ఇరుక్కున్నట్టు ఇంకోసారి గోక్కున్నాడు. "ఏందే పిల్లా, ఏడ్చినవు?"

నేను చెప్పాను. కాకకు కథలంటే హుషారు. అక్కడే చతికిలబడ్డాడు. "గింతేనా! నేను ముగిస్త సూడు. రోకలికి తాడు కట్టిండు. తాడు దీసి బర్రె మెడకు కట్టిండు. బర్రె తల ఊపితె రోకలి లేస్తది, మళ్ల ఊపితె పడ్తది. గీయన మీసం తిప్పుకుంట పైకొచ్చిండు."

"బాయిల బర్రె ఏడిది కాక?"

"ఉన్నదనుకో."

"అట్ల అనుకునుడు ఉండది!" నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ తలా ఒకటి తెచ్చి ఆ బాయిలో పడేస్తున్నారు, ఒకరు దూతను, ఒకరు బర్రెను. "బర్రె లేదు, ఏం లేదు! ముసల్దన్న రావాలె, ఇంకొకలన్న రావాలె. ఎవలో ఒకలు దిగి ఆ చెయ్యిలకెళ్లి రోకలి అందుకుంటెనే ఆయన లేస్తడు! అప్పటిదాంక లేవడు!"

 కాక అరచేయి పోయి నుదుటి మీద చప్పున పడింది.

"వదినె... రిలీవర్ రాలె."

"ఏందీ?"

"అన్నకు రిలీవర్ రాలె. ఆయనది వాగవతలి ఊరు, దాటరాలె. నేను పైకొస్తుంటె అన్న పిలిచి చెప్పిండు. 'ఇంట్ల ఫికర్ చెయ్యొద్దని చెప్పు, వెనక లైన్ల ఖలాసీకి ఇయ్యాల సెలవు, ఆయన్ని జర పంపు' అన్నడు. నేను వాగు సూద్దామని పోయిన..."

"నీ కల్లు ముంతల మన్ను వడ!" అవ్వ లేచిన తీరుకు టీచరమ్మ కూడా వెనక్కి జరిగింది. "వాగు సూసినవా? నీ వాగు ఎండ! మనిషి పొద్దుగాల తిన్న గటక మీద ఉన్నడు లోపట, నువ్వు గడ్డివాములు లెక్క వెడ్తున్నవా?"

కాక అప్పటికే వానలో ఉన్నాడు. "తాగి నువ్వు దిగకు!" అని అవ్వ వెనక నుంచి అరిచింది. "నేను దిగ వదినె, ఆయన్ని దింపుత!" అన్న మాట మలుపు అవతలి నుంచి వినిపించింది.

దీపాలు పెట్టే వేళకు బాపు వచ్చాడు. కళ్లు, పళ్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అవ్వ వేడినీళ్లు తోడింది. బెల్లం ఇచ్చింది. కంచం పెట్టి, ఆయన వద్దంటున్నా అన్నం మీద అన్నం వేసింది. టీచరమ్మ వాళ్ల గుమ్మంలోంచి చూసి, కళ్లు మూసుకుని పెదవులు కదిపి తలుపు వేసుకుంది.

నేను బాపు మోకాలికి ఆనుకున్నాను. "గంతసేపు ఒక్కనివి కూసుంటె నిద్ర రాలేదా బాపు?"

"ఎందుకు రాదు? వస్తె నీళ్లొస్తయి. అందుకే కథ చెప్పుకుంట కూసున్న."

"ఎవలకు?"

"పంపుకు. అది మస్తు ఊ కొడ్తది. నీ లెక్క నడుమల నిద్రపోదు. దాని ఊ తేడా వచ్చిందంటె లేచి చూస్త."

"మరి కథ ఎట్ల అయిపోయింది?"

"అయిపోవుడా?" బాపు ముద్ద ఆపి నన్ను చూశాడు. "అయిపోతె నేను పండుకోనా? రాజు చావబోతడు, మళ్ల లేపుత. దొంగ దొరకబోతడు, మళ్ల ఉరికిస్త. ఇయ్యాల ఒక దొంగ ఎంత ఉరికిండో, పాపం వానికి దమ్మొచ్చింది."

అప్పుడు నా తల నిజంగానే తిరిగింది. పైన మేమందరం కథను ఎట్లాగైనా ముగించాలని తన్నుకుంటున్నాం. కింద ఆయన దాన్ని ముగియకుండా కాపాడుతున్నాడు. మా ముగింపు గనక నేల దిగి ఆయన చెవిలో పడి ఉంటే? ఆయన దొంగ దొరికిపోయి ఉంటే? బాపు ఇంటికి వచ్చింది నేను కథ ముగించబోయినందుకా, ఆయన ముగించనందుకా, కాక మతిమరుపు వదిలినందుకా? పడుకున్నా, లేచినా ఇదే ఆలోచన. జ్వరం తగ్గింది కానీ ఇది తగ్గలేదు.

ఆ పూటే, ఆయన ఇంకా తింటుండగానే, బాపుకు నా కథ చెప్పాను. మనిషి దిగాడు, ఊ. ముసల్ది దంచుతోంది, ఊ. రోకలి పట్టాడు, ఊ... నాలుగో ఊ రాలేదు. చేయి కంచంలో ఉండగానే గోడకు తల ఆనించి నిద్రపోయాడు. అవ్వ ఆ చేతిని ఎత్తి, చెంబు నీళ్లతో కడిగి, కొంగుతో ఒక్కో వేలూ తుడిచింది.

"అవ్వా, మళ్ల సగంల ఆగింది" అన్నాను భయంగా.

"ఆగనియ్యి. ఇంట్ల ఉన్నోనికి ఏం గాదు."

బాపమ్మ అక్కకు నయమయ్యాక తిరిగొచ్చింది, కొంగు నిండా మక్క పేలాలు తెచ్చుకుని. గడప దాటక ముందే పట్టుకున్నాను. "బాపమ్మా, ఆ కథ ఎట్ల అయిపోతది?"

"ఏ కథనే?"

"రోకలి కథ! ముసల్ది వచ్చిందా, రాలేదా?"

"ఓ, గదా. నాకేమెరుక?"

"నీకు తెల్వకుంట ఎట్ల మొదలువెట్టినవు?"

"జావ తాగిపియ్యాలె గదనే. గిన్నె అయిపోతె కథ అయిపోతది. జావ ఎంతున్నదో కథ గంతే." పేలాలు నా దోసిట్లో పోస్తూ, కొంచెంసేపటికి తనలో తాను అన్నట్టు, "నీ బాపు పని గట్లనే ఉంటదట గద. నేనేమన్న సూసిన్నా? పంపు అంటె ఎట్లుంటదో నాకు తెల్వది. రోకలి తెలుసు, రోకలి పెట్టిన" అంది.



ఇప్పుడు ఆ లైను లేదు. బాయి మూసేశారు. ఆ గడపలు ఉండే చోట తుమ్మచెట్లు మొలిచాయి. బాపమ్మ, బాపు, అవ్వ, కాక, ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. టీచరమ్మ వాళ్లు పింఛను తీసుకుని ఎటో పోయారు. సగంలో ఆపకూడదన్న కట్టుబాటు సంగతి అడిగితే చెప్పడానికి నేను తప్ప మా వైపు ఎవరూ మిగల్లేదు.

ఇదంతా విని మనవరాలు వేళ్లు లెక్కపెట్టుకుంది, టీచరమ్మ చెప్పినట్టే. "అమ్మమ్మా, ముఖ్యపాత్ర ఎవరు? ముత్తాతనా, నువ్వా, బాయిలో మనిషా?"

"కాకేమో బిడ్డా."

"స్థలం? మీ ఇల్లా, బాయా?"

"ఇల్లనే రాయి. కాదు, బాయి రాయి. ఆగు, నాకే సమజైతలేదు."

"పోనీ నీతి?"

"కల్లు తాగే ముందే చెప్పాల్సిన కబురు చెప్పేయాలె."

అది పకపకా నవ్వింది. "అది కాదు అమ్మమ్మా! సరే, ముగింపు చెప్పు. ముసలమ్మ వచ్చిందా?"

బయట వాన గట్టిపడింది. అప్పుడు చూసుకున్నాను. దాని తండ్రి, నా అల్లుడు, జ్యోతినగర్ కరెంటు ప్లాంటులో పని, ఇంకా ఇల్లు చేరలేదు. ఇంటి మనిషి బయట ఉండగా నేను ఎంత పెద్ద కథ మొదలుపెట్టుకుని కూర్చున్నాను! ముగించాలా? మా లైను ఆడవాళ్లు చూస్తే ముగించమనేవారు. సాగదీయాలా? బాపు అయితే సాగదీసేవాడు. ఇంత వయసు వచ్చింది, ఇంకా తెలియదు నాకు. అందుకని ముసలమ్మను లేపాను, కళ్లు నులిమించాను, చీకట్లో దారి తప్పించాను, ఆమె చుట్ట పోగొట్టి వెతికించాను. మనవరాలు ఊ కొడుతూనే ఉంది, సంఘర్షణ సంగతి మరిచిపోయి.

వాకిట్లో స్కూటర్ చప్పుడు ఆగింది. తడి చెప్పులు గడప దగ్గర విడిచిన చప్పుడు వినిపించింది.

"ముసల్ది వచ్చి రోకలి అందుకున్నది బిడ్డా. గంతే, అయిపోయింది" అన్నాను.

ఇంతసేపు ఊ కొట్టారు, మీ నోరు చల్లగా ఉండాలి. మీ ఇంటి నుంచి పొద్దున పనికి పోయినవాళ్లు పోయినట్టే మాపటికి తిరిగి రావాలి, కాళ్లు కడుక్కుని వేడన్నం తినాలి. లోకంలో ఉన్న కథలన్నీ మీ పిల్లలు వినాలి. మీ ఇంటి కథలో మాత్రం నడుమ ఏమీ ఉండకూడదు.